తరళకు ఉదయం

మనవరాలి జబ్బు పేరు తెలుసుకోవడానికి వెళ్ళిన ఆస్పత్రిలో సత్యవేణికి తన జబ్బు పేరు కూడా తెలిసింది.

అప్పటికి తరళకి ఏడేళ్ళు. ఏడాదిగా గుమ్మాలకి గుద్దుకుంటూ తిరుగుతోంది. కళ్ళజోడు పెట్టించారు. పెట్టించాక కూడా కంచంలో కూర ఎక్కడుందో వేళ్ళతో తడుముకునేది. ఆ తరవాత ఫిట్స్ మొదలయ్యాయి. రెండో క్లాసులో గడగడా ఒప్పజెప్పిన ఎక్కాలు మూడో క్లాసుకొచ్చేసరికి సగంలో ఆగిపోయేవి. ఆగిపోయిన చోట పిల్ల తల్లి మొహంలోకి చూసి, తప్పు తనదే అన్నట్టు నవ్వేది. సామర్లకోటలో చూపించారు, కాకినాడలో చూపించారు. చివరికి విశాఖపట్నం తీసుకొచ్చారు. అక్కడ డాక్టర్ సుగుణ పిల్లతోపాటు ఇంటిల్లిపాదికీ రక్తం తీయించింది.

ఇంటిల్లిపాదీ అంటే ఉన్నది నలుగురే. తరళ తల్లి కుసుమ సత్యవేణికి ఒక్కగానొక్క కూతురు, పోస్టాఫీసులో ఉద్యోగం. తండ్రి భానుమూర్తి సత్యవేణికి స్వయానా తమ్ముడు. అక్క కంటే పదిహేడేళ్ళు చిన్న, ఆవిడ చంకనెక్కి పెరిగినవాడు. మోటార్లు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. మేనమామా మేనకోడలూ ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెద్దవాళ్ళు సంతోషంగా ముడి వేశారు. ఆ వైపు అలాంటి పెళ్ళి లేని ఇల్లు తక్కువ. పెళ్ళయి పదేళ్ళు దాటినా కుసుమ మొగుణ్ణి "మావయ్యా" అనే పిలుస్తుంది.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టర్ సుగుణ వాటిని పక్కన పెట్టి, ఎవరూ అనుకోని పని చేసింది. కుర్చీ సత్యవేణి వైపు తిప్పుకుంది.

"అమ్మగారూ, ఈ బొమ్మలు ఏమిటో చెప్తారా?"

మొదటిది తాళంకప్ప. చెప్పింది. రెండోది చూపించగానే సత్యవేణి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"అదే... వానకి. వానొస్తే పట్టుకుంటామే, అది."

కుసుమ తల్లి వైపు తిరిగి చూసింది. సత్యవేణి ముప్ఫయ్యేళ్ళు సామర్లకోట స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పిన మనిషి. ఆ గొంతు, ఆ ఉచ్చారణ ఎలాంటివంటే, కూరల మార్కెట్లో బేరమాడుతుంటే కూడా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి "స్టేషనమ్మగారు కదూ" అని గుర్తుపట్టేవారు. ఆవిడకి గొడుగు అనే మాట అందలేదు.

"ఈ మధ్య ఇంకేమైనా మార్పు గమనించారా?" డాక్టరు కుసుమని అడిగింది.

గమనించారు. గమనించి కోప్పడ్డారు కూడా. డబ్బా తీసి పంచదార గుప్పిళ్ళతో తినేస్తోంది. పక్కింటాయన దినకార్యంలో అందరి మధ్యా పకపకా నవ్వింది. వయసు మీదపడి మొండితనం వచ్చిందనుకున్నారు. యాభై ఎనిమిదేళ్ళకి వచ్చేది మొండితనమా అని ఎవరూ ఆలోచించలేదు.

"మా అమ్మకీ ఇలాగే అయింది" అంది సత్యవేణి మెల్లిగా. "యాభై దాటాక మాట పడిపోయింది. గాలి సోకిందన్నారు."

డాక్టర్ సుగుణ నెమ్మదిగా చెప్పింది. మెదడు తన పని తాను చేసుకుంటున్నంతసేపూ అందులో చెత్త తయారవుతుంది. దాన్ని తుడిచే ఏర్పాటు కూడా మెదడులోనే ఉంది. ఆ ఏర్పాటుకి కావలసిన జన్యువుకి అందరిలోనూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. సత్యవేణి వాళ్ళమ్మలో ఒక ప్రతి చెడ్డది. అది సత్యవేణికీ వచ్చింది, భానుమూర్తికీ వచ్చింది. సత్యవేణి నుంచి కుసుమకి దిగింది. ఒక్క ప్రతి చెడితే తుడిచే పని సగమే జరుగుతుంది. చెత్త పేరుకుని పేరుకుని, యాభై దాటాక మాటా మతీ తప్పుతాయి. తరళకి రెండు ప్రతులూ చెడ్డవే వచ్చాయి, అమ్మ నుంచి ఒకటీ, నాన్న నుంచి ఒకటీ.

"అంటే దానికీ, అక్కకీ ఒకటే జబ్బా?" అన్నాడు భానుమూర్తి.

"ఒకటే. మీ అక్కగారికి నడిచి వచ్చింది. పాపకి పరిగెత్తి వచ్చింది."

"మరి మా ఇద్దరికీ?"

"రావచ్చు. రాకపోనూవచ్చు. ఇప్పుడే చెప్పలేను."

భానుమూర్తికి నలభై ఒకటి. తరళ ఆ గదిలోనే, తండ్రి మోకాళ్ళ మధ్య నించుని, అతని చొక్కా గుండీలు లెక్కపెడుతోంది.

*

ఆ జబ్బుకి మందు లేదు. కానీ డాక్టర్ సుగుణ దగ్గర ఇంకా మందు కాని ఒక వస్తువుంది.

ఊరి చివర, సముద్రం కనపడే కొండవాలు మీద ఆవిడ పరిశోధనశాల. పొడుగాటి హాలు, వరసగా మంచాలు. ఒక్కో మంచం మీద ఒక్కో ముసలాయనో, ముసలావిడో తలకి టోపీ పెట్టుకుని పట్టపగలు నిద్రపోతున్నారు. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే టోపీలా ఉంది అది. లోపలివైపు రూపాయి బిళ్ళలంత గుండ్రటి రేకులు.

"గాఢంగా నిద్రపోయినప్పుడు మెదడులోకి నీరులాంటి ద్రవం పారి చెత్తని కడిగేస్తుంది. మీకూ నాకూ రోజూ జరిగేదే" అంది సుగుణ, ఒక ముసలాయన టోపీ సర్దుతూ. "ఈ రేకుల్లోంచి చెవికి వినపడని ధ్వని వెళుతుంది. దాని తోపుడుకి ఆ నీరు మామూలుగా వెళ్ళని మూలలకి కూడా వెళుతుంది."

"మా వైపు ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తీస్తారు. అలాగా?" అంది సత్యవేణి.

సుగుణ నవ్వింది. "అలాగే. కాకపోతే కాలవ కట్టేసినన్నాళ్ళూ పొలానికి నీళ్ళుండవు కదా. ఇక్కడా అంతే. కడుగుతున్నంతసేపూ మనిషి ఉండడు."

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళలో కొందరికి అది పని చేస్తోంది, కొందరికి చెయ్యడం లేదు. ఈ జన్యువు చెడినవాళ్ళ మీద ఎవరూ చూడలేదు. పిల్లల మీదైతే పెట్టడానికే అనుమతి లేదు.

"పెద్దవాళ్ళలో ఒక్కరికి పని చేసిందని చూపించగలిగితే, పాప కోసం అడగడానికి నాకు నోరుంటుంది" అంది డాక్టరు. అడిగినట్టు కాకుండా, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ అంది.

సత్యవేణి అక్కడే సంతకం పెట్టింది. వారం తిరక్కుండా సామర్లకోట ఇంటికి తాళం వేసి, నలుగురూ విశాఖపట్నంలో మేడ మీద రెండు గదుల అద్దె ఇంటికి మారారు. కుసుమ బదిలీ చేయించుకుంది. భానుమూర్తి షాపు సామాను లారీలో వేయించి తెచ్చుకున్నాడు.

మొదటిరోజు టోపీ పెడుతున్నప్పుడు సత్యవేణి కళ్ళు మూసుకుని, ఏదైనా కల వస్తుందేమో అనుకుంది. కల రాలేదు. నిద్ర కూడా రాలేదనుకుంది. "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?" అని అడిగింది. కిటికీ బయట సాయంత్రమైపోయింది.

మూడు నెలలకి ఆవిడ పంచదార డబ్బా జోలికి వెళ్ళడం మానేసింది. ఆరో నెలలో ఒకరోజు వాన మొదలైతే గుమ్మంలో నించుని, "కుసుమా, గొడుగు పట్టుకెళ్ళవే" అని కేకేసింది. కుసుమ వీధిలోంచి వెనక్కి పరిగెత్తుకొచ్చి, తడిసిన బట్టలతోనే తల్లిని వాటేసుకుంది. తరవాత రోజూ సగం రోజు టోపీ కింద గడిపితే మాట నిలబడుతుందని తేలింది. ఇంటికే ఒక టోపీ ఇచ్చి పంపారు.

ఆ కాగితాలు పట్టుకుని సుగుణ ఢిల్లీ చుట్టూ తిరిగింది. ఆవిడ తిరిగినన్నాళ్ళూ తరళ ఇంకొంచెం చూపు పోగొట్టుకుంది, మూడు ఎక్కాలు పోగొట్టుకుంది. అనుమతి వచ్చింది.

*

తరళకి సగం రోజు చాలలేదు. తుడిచే ఏర్పాటు అసలే లేని మెదడు కాబట్టి, గంటలు పెంచుకుంటూ పోయారు. పద్ధెనిమిది గంటల దగ్గర ఫిట్స్ ఆగాయి. పోయిన చూపు రాలేదు గాని, ఉన్నది నిలబడింది. కొన్నాళ్ళకి పోయిన ఎక్కాలు తిరిగొచ్చాయి. కొత్తవి కూడా నేర్చుకుంది. పదహారో ఎక్కం పూర్తిగా చెప్పిన రోజు భానుమూర్తి వీధి వీధంతా జిలేబీలు పంచాడు.

అలా ఆ ఇంటి గడియారం తిరగబడింది. రాత్రి తొమ్మిదింటికి పిల్ల తలకి టోపీ పెడితే మర్నాడు మధ్యాహ్నం మూడింటికి తీసేవారు. మూడింటికి పళ్ళు తోముకుని పెసరట్టు తినేది. భానుమూర్తి సరిగ్గా ఆ వేళకి షాపు మూసి వచ్చేసేవాడు. కుసుమ పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల రోజు సగమయ్యేది. బడి లేదు. వీధి పిల్లలు బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా వాళ్ళతో ఆడుకునేది, వెలుతురు బాగా ఉన్నంతసేపూ మనుషుల ఆకారాలు ఆనేవి. ఆ ఊళ్ళో సూర్యుడు సముద్రంలోంచి పుట్టి కొండల వెనక్కి వెళతాడు. తరళ వెళ్ళడమే చూసేది. పుట్టడం ఎరగదు.

సత్యవేణి తన సగం రోజూ రాత్రిపూటకి పెట్టుకుని, పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ పక్కనే ఉండేది. లేవగానే తరళ అడిగే మొదటి మాట ఒకటే.

"పొద్దున్న ఏమైంది అమ్మమ్మా?"

సత్యవేణి టోపీ తీశాక తను చూసినవీ, అంతకుముందు జరిగాయని కుసుమ చెప్పి వెళ్ళినవీ కలిపి చెప్పేది. పాలవాడు ప్యాకెట్టు జారవిడిచాడు, పిల్లి నాకేసింది. ఎదురింటి మేడ మీద నీళ్ళ ట్యాంకు పొంగి వీధంతా పారింది. స్కూలు బస్సు డ్రైవరు కొత్తవాడు, హారన్ తెగ కొడుతున్నాడు. పిల్ల పెసరట్టు నములుతూ, ఎవరో దూరదేశంలోంచి కబుర్లు తెచ్చినట్టు వినేది.

రెండేళ్ళు గడిచాక ఒక సాయంత్రం తరళ ఉన్నట్టుండి అంది, "అమ్మమ్మా, నాకు పదేళ్ళు అంటారు గాని అబద్ధం."

"అదేమే?"

"లెక్కేశాను. టోపీ పెట్టినప్పుడు నేనుండను కదా. అది తీసేస్తే, ఈ రెండేళ్ళలో నేను ఆర్నెల్లే ఉన్నాను."

సత్యవేణి వేళ్ళ మీద లెక్కేసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్క చేయగలిగిందంటే టోపీ పని చేస్తున్నట్టే.

ఆ వారంలోనే తరళ టోపీ వద్దంది. మర్నాడు పొద్దున్న వీధి పిల్లలందరూ బడి తరఫున ఓడరేవు చూడ్డానికి వెళుతున్నారట. తను బస్సెక్కకపోయినా ఫరవాలేదు, వాళ్ళు వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపుతుందట. భానుమూర్తి బుజ్జగించాడు, కసిరాడు. చివరికి చేతులు రెండూ పట్టుకుని బలవంతంగా టోపీ పెట్టాడు. పిల్ల ఏడుపు మధ్యలో తెగిపోయింది. రేకులు పని మొదలెట్టగానే అలాగే తెగుతుంది.

కుసుమ వంటింటి గోడకి ఆనుకుని నించుంది. "ఒక్కరోజు వదిలెయ్యాల్సింది మావయ్యా."

"ఒక్కరోజుతో ఏం పోతుందో నీకు తెలుసా? నాకు తెలీదు. డాక్టరమ్మకీ తెలీదు. పోయింది మళ్ళీ వస్తుందని రాసిస్తావా?"

"మరి దీన్ని బతకడం అంటారా?"

"ఎందుకనకూడదు? హాయిగా నిద్రపోతోంది కదా. నొప్పా, బాధా?"

"హాయి కాదురా" అంది సత్యవేణి.

ఇద్దరూ ఇటు తిరిగారు.

"నేనూ పెట్టుకుంటున్నాగా, నన్నెవరూ అడగలేదు. నిద్రలో మనిషికి నిద్రపోతున్నట్టు ఎక్కడో తెలుస్తుంది. దొర్లుతాం, కలలొస్తాయి, లేచాక ఒళ్ళు తేలికవుతుంది. ఇది అలా ఉండదు. సినిమా రీలు కత్తిరించి అతికినట్టుంటుంది. నువ్వు టోపీ పెడుతుంటే ఏడుస్తోంది చూడు, రేపు మూడింటికి కళ్ళు తెరిచేసరికి దానికి అదే ఏడుపు గొంతులో ఉంటుంది. మధ్యలో ఏమీ లేదు."

మర్నాడు మూడింటికి అలాగే జరిగింది. టోపీ తియ్యగానే తరళ వెక్కుతూనే లేచింది. "బస్సు వెళ్ళిపోయిందా?" అంది. భానుమూర్తి కింద పెరట్లోకి దిగి వెళ్ళి చాలాసేపు రాలేదు.

*

ఆ మర్నాడు సత్యవేణి ఒక్కతే సిటీబస్సెక్కి కొండ మీదికి వెళ్ళింది.

"గంటలు పెంచుకుంటూ వెళ్ళారు, ఎక్కడ ఆగాలో తెలిసింది. తగ్గించుకుంటూ ఎవరినైనా చూశారా?" అని అడిగింది.

"ఎలకల్లో చూశాం" అంది సుగుణ. "కొంతదూరం ఏమీ కాదు. తరవాత ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కడ పడుతుందో ముందు తెలిసే గుర్తు దొరకలేదు. అయినా ఎలకలకి మాటలుండవు కదమ్మా, ఏం పోయిందో చెప్పడానికి."

"నాకున్నాయి."

సుగుణకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక లేచి నించుంది.

"వద్దమ్మగారూ. పడినవాళ్ళని మళ్ళీ పైకి తేగలనని నేను మాటివ్వలేను."

"ఇవ్వొద్దు. జబ్బు ఒకటే అన్నారుగా, దానిదీ నాదీ. నేను దిగుతుంటే మీరు నా తలలో ఏం జరుగుతోందో చూస్తూ ఉండండి. పడేముందు ఏదో ఒకటి కనపడకపోదు. అది కనపడితే పిల్లకి గంటలు తగ్గించొచ్చు. గుర్తు రాగానే ఆపేయొచ్చు. ఎవరో ఒకరు పడితేనే గాని ఆ గుర్తేమిటో తెలీదు. దాన్ని పడెయ్యగలమా?"

పరిశోధనశాల కమిటీ ఆవిడని మూడుసార్లు పిలిచి కూర్చోబెట్టింది. మతిమరుపు జబ్బున్న మనిషి ఒప్పుకోలు ఒప్పుకోలేనా అని వాళ్ళ సందేహం. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఒత్తిడి చేశారా అని ఒకాయన అడిగాడు. "ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పనే లేదు బాబూ, చెప్తే అసలు గొడవ అప్పుడుంటుంది" అంది సత్యవేణి. ఆయన నవ్వాపుకున్నాడు.

గొడవ నిజంగానే జరిగింది. భానుమూర్తి అక్క కాళ్ళ దగ్గర కూలబడి వద్దని తల అడ్డంగా ఊపుతూ ఉండిపోయాడు. కుసుమ అరిచింది.

"నిన్ను కరిగించి దాన్ని మేలుకోబెట్టుకోవాలా? నేనొప్పుకోను. రేపు నువ్వు నన్ను ఎవరే నువ్వు అంటే నేనేమైపోవాలి?"

"నేనేం చిన్నపిల్లనటే? నాకు యాభై ఎనిమిదేళ్ళు మెలకువగానే గడిచాయి. అది ఆర్నెల్లే ఉన్నానంటోంది."

"అమ్మా..."

"ఇంకోటి కూడా విను. మీ ఇద్దరికీ వంతు వస్తుందో రాదో తెలీదు. వస్తే మీకూ ఈ టోపీయే గతి. ఎంతసేపు పెట్టుకుంటే చాలో అప్పటికైనా తెలిసి ఉండాలి కదా. అన్నీ తరళ కోసమే అనుకోకు."

కుసుమ చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. చివరికి ప్రయోగం మొదలయ్యే రోజున పోస్టాఫీసుకి సెలవు పెట్టి, తనే ఆటో పిలిచి, తల్లి చెయ్యి పట్టుకుని కొండ మీదికి తీసుకెళ్ళింది.

సత్యవేణి భయపడలేదా అంటే భయపడింది. తల్లి చివరి రోజులు ఆవిడకి బాగా గుర్తు. నూనె గిన్నెకీ నీళ్ళ చెంబుకీ తేడా తెలియక తడుముకున్న తల్లి, గోడకేసి తిరిగి అర్థంలేని ఒక్క శబ్దాన్నే రోజంతా అన్న తల్లి. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే ఆపేస్తారు. పొద్దున్నే బీచి రోడ్డు మీద నడుస్తూ, సామర్లకోట నుంచి విశాఖపట్నం దాకా స్టేషన్ల పేర్లు పైకి చదువుకునేది. పిఠాపురం, అన్నవరం, తుని, నర్సీపట్నం రోడ్, యలమంచిలి, అనకాపల్లి, దువ్వాడ. అన్నీ వస్తే ఆ పూటకి గండం గడిచినట్టు. వచ్చినంతవరకూ చాలు, ఇంటికెళ్ళి పిల్లకి పొద్దుటి కబుర్లు చెప్పొచ్చు.

గంటలు మెల్లిగా దించారు. మొదటి రెండు నెలలూ ఏమీ కాలేదు. ఆవిడ హుషారుగా ఉండేది. ఎప్పుడూ లేనిది తెల్లవారుజామునే లేచి కూర్చునేది. సుగుణ మనుషులు ఆవిడ తలకి తీగలు తగిలించి, నిద్రలో మెదడు అలలు గీసుకునేవారు. మూడో నెలలో ఆ గీతల్లో చిన్న వణుకు కనిపించింది. అదేమిటో ఎవరికీ తెలియదు. రాసి పెట్టుకున్నారు. సత్యవేణిలో మాత్రం మార్పేమీ లేదు, బొమ్మలన్నీ టకటకా చెప్పేసింది.

మూడు వారాల తరవాత బీచి రోడ్డు మీద తుని పోయింది. అన్నవరం తరవాత నోరు తెరిస్తే ఏదో ఖాళీ. నర్సీపట్నం రోడ్ ఉంది, యలమంచిలి ఉంది, మధ్యలో ఒక ఊరు లేదు. ఆవిడ రోడ్డు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుంది. తరవాత సుగుణకి ఫోన్ చేసి, "అమ్మా, పడ్డాను. రాసుకోండి" అంది.

ఆ పూటే గంటలు మళ్ళీ పూర్తిగా పెంచేశారు. కానీ ఎలకల్లో జరిగిందే జరిగింది. జారడం మొదలయ్యాక టోపీ దాన్ని నెమ్మదింపజేసింది గాని ఆపలేకపోయింది. స్టేషన్లు పోయాయి. తరవాత వంట పోయింది. మనుషుల పేర్లు ఒక్కొక్కటే పోయాయి, ముందు చుట్టుపక్కలవాళ్ళవి, ఆ తరవాత ఇంట్లోవాళ్ళవి.

సుగుణ ఆ గీతలన్నీ గోడ మీద అతికించి వెనక్కి వెనక్కి వెళ్ళి చూసింది. ఒక్క మాటైనా జారకముందే, మూడు వారాల ముందే ఆ వణుకు ఉంది. ఎక్కడ వెతకాలో తెలిశాక, పాత రోగుల గీతల్లోనూ, ఎలకల గీతల్లోనూ అదే కనిపించింది. ఇన్నేళ్ళూ కళ్ళముందే ఉంది. ఆ కాగితాల ముందు డాక్టర్ సుగుణ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చిందని ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళు తరవాత చెప్పుకున్నారు.

*

తరళ గంటలు దించడం ఆ వేసవిలో మొదలెట్టారు. కొంచెం దించడం, వారాల తరబడి గీతలు చూడడం, వణుకు లేకపోతే మళ్ళీ కొంచెం. ఒకసారి వణుకు వచ్చింది. వెంటనే ఒక మెట్టు పైకెక్కించారు, పోయింది. పిల్ల ఒక్క ఎక్కం కూడా మర్చిపోలేదు. చివరికి పన్నెండు గంటల దగ్గర నిలబడింది.

రాత్రి ఏడింటికి టోపీ పెడితే పొద్దున్న ఏడింటికి తియ్యొచ్చు.

మొదటిరోజు టోపీ తీశాక తరళ గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు, కదలకుండా అన్నీ వింది. పాలవాడి సైకిలు బెల్లు, కుక్కర్ విజిల్స్, ఎవరింట్లోనో రేడియో. "ఇది పొద్దున్నా?" అని అడిగింది. భానుమూర్తి అవునన్నాడు. "ఇంత గోలగా ఉంటుందా!" అంది పిల్ల, సంతోషంతో మొహం విప్పారిపోతూ. అతను దాన్ని భుజానికెత్తుకుని బీచికి తీసుకెళ్ళాడు. పదకొండేళ్ళ పిల్ల, కాళ్ళు అతని మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఆ పిల్లకి నీళ్ళు కనపడవు, మీద పరుచుకున్న వెలుగు మాత్రం కనపడుతుంది. అంతా అటే ఉంది, అటే ఉంది అని వేలు చూపిస్తూ నడిపించింది.

ఇది జరిగిన మూడు నాలుగు నెలలకి, ఒక ఆదివారం, సత్యవేణి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. వెనక ఎవరో తల దువ్వుతున్నారు. రోజూ దువ్వే మనిషే. చేతులు మెత్తగా ఉంటాయి, చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళు పట్టుకుంటుంది, నొప్పి తెలియనివ్వదు. మంచి మనిషి. కిందనుంచి పిల్లల కేకలు వినపడుతున్నాయి.

"ఆ పిల్ల ఎవరిది? చక్కగా నవ్వుతోంది" అంది సత్యవేణి. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని వచ్చాయి.

"మన పిల్లే. తరళ" అంది కుసుమ. "దానికి ఒకప్పుడు పొద్దున్న అంటే తెలీదు. పొద్దున్నంతా నిద్రపోతూనే ఉండాల్సి వచ్చేది."

"అయ్యో."

కుసుమ ఇన్నాళ్ళుగా మనసులో దాచుకున్నది ఆ వేళ ఎందుకో ఆగలేదు. దువ్వుతూనే చెప్పింది. ఒకావిడ ఉండేది. ఆవిడకీ ఆ పిల్లకీ ఒకటే జబ్బు. పిల్లని ఎంతసేపు మేలుకోనివ్వొచ్చో ఎవరికీ తెలియకపోతే, ఆవిడ తన మీద చూడమంది. చూస్తే తన తెలివి పోవచ్చని తెలుసు. తెలిసే వెళ్ళింది. గుర్తు దొరికింది, పిల్ల మేలుకుంది.

సత్యవేణి కథ వింటున్నట్టు శ్రద్ధగా వింది. మధ్యలో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఆవిడకి భయం వెయ్యలేదూ?"

దువ్వెన ఆగింది.

"వేసే ఉంటుంది. మాకెవ్వరికీ చెప్పలేదు."

"చెప్తే మీరు వెళ్ళనివ్వరుగా" అంది సత్యవేణి.

కుసుమ వంగి ఆవిడ భుజం మీద నుదురు ఆనించింది. జాకెట్టు తడిసింది. ఈ మంచి మనిషి ఎందుకు ఏడుస్తోందో సత్యవేణికి తెలియలేదు. తెలియకపోయినా చెయ్యి వెనక్కి చాపి, ఆ తల ఎక్కడుందో తడిమి పట్టుకుని, నిమురుతూ కూర్చుంది. మెట్ల మీద తరళ అడుగులు వినపడ్డాయి. గోడ పట్టుకుని పైకొస్తూనే, ఆకలేస్తోందని అమ్మనీ అమ్మమ్మనీ ఇద్దరినీ కలిపి కేకేసింది.